వీధికి ఎన్ని చెత్త బండ్లు?

వ్యాఖ్యాత: నమస్కారం. ఇంట్లో చెత్త ఎత్తడానికి ఎవరికి నచ్చిన బండిని వాళ్లు మాట్లాడుకోవాలా, పంచాయతీనో మునిసిపాలిటీనో ఊరంతటికీ ఒకటే ఏర్పాటు చేయాలా? కోనసీమ నుంచి ఒక మాజీ సర్పంచ్, రిటైర్డ్ శానిటరీ ఇన్‌స్పెక్టర్, సొంత ఆటోతో చెత్త ఎత్తే ఒకాయన స్టూడియోలో ఉన్నారు. ఇన్‌స్పెక్టర్ గారూ, మీరు మొదలుపెట్టండి.

ఇన్‌స్పెక్టర్: అమెరికాలో సెయింట్ పాల్ అని ఒక ఊరుందండి. 2018 దాకా ఎవరి కంపెనీని వాళ్లే కుదుర్చుకునేవారు. ఒకే వీధిలో నాలుగైదు కంపెనీల లారీలు. డీజిల్ దండగ, రోడ్డు పాడు. ఆ అక్టోబరు నుంచి నగరమే కంపెనీలకి ఏరియాలు పంచింది. జనం గొడవపడ్డారు, 2019 నవంబరులో ఓటింగ్ దాకా వెళ్లింది. కొత్త పద్ధతే నెగ్గింది.

ఆటో యజమాని: మరి చిన్న బండివాళ్లు ఏమైపోయారండీ?

ఇన్‌స్పెక్టర్: కొందరు పెద్ద కంపెనీలకి అమ్ముకుని తప్పుకున్నారు.

ఆటో యజమాని: అదీ సంగతి.

మాజీ సర్పంచ్: మన దగ్గర కాగితం మీద ఒకటే బండి. కేంద్ర ప్రభుత్వ చెత్త నిర్వహణ నిబంధనల ప్రకారం ఇంటింటికీ వెళ్లి చెత్త తీసుకోవాల్సింది స్థానిక సంస్థే. కానీ జరిగేదేంటి? అపార్ట్‌మెంటు వాళ్లు ఇలాంటాయనకి నెలకింత ఇచ్చుకుంటారు. హోటలు ఎంగిలి పందులు పెంచేవాళ్లకి, అట్టలూ సీసాలూ పాత సామాన్ల బండికి. డబ్బొచ్చేదంతా వాళ్లు పట్టుకుపోగా మా పంచాయతీ రిక్షాకి మిగిలేది డైపర్లూ, తాగి పారేసిన కొబ్బరి బొండాలూను!

వ్యాఖ్యాత: డబ్బులు వసూలు చేస్తే?

మాజీ సర్పంచ్: పట్టణాల్లో చేశారుగా. 2021 అక్టోబరు 2న క్లాప్, అంటే క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమం మొదలైంది, ఇళ్లకి నెలవారీ ఛార్జీ వేశారు. చెత్త పన్ను అని జనం తిట్టిపోశారు. 2024లో ప్రభుత్వం మారాక ఎత్తేశారు. సంతోషమే. కానీ బండికి డీజిల్ ఎవరు పోస్తారు?

ఇన్‌స్పెక్టర్: వేసవిలో ధవళేశ్వరం నుంచి నీళ్లు ఆపి కాలువలు కట్టేస్తారు కదా, అప్పుడు లాకుల దగ్గరికి వెళ్లి చూడండి. గుర్రపుడెక్కలో చిక్కుకున్న కవర్లు, ఒక్కోదానికీ గట్టిగా ముడి. ఇంట్లో ఆవిడ పద్ధతిగానే మూట కట్టింది. ఆ సందులోకి ఏ బండీ రాలేదు, అంతే. ఎవరిష్టం వాళ్లదైతే డబ్బు కట్టిన ఇంటికే బండి వస్తుంది. కట్టని ఇంటి చెత్త కాలువలోకి పోతే, ఆ నీళ్లు అందరివీ.

వ్యాఖ్యాత: మీరు ఎత్తింది ఎక్కడ పోస్తారండీ?

ఆటో యజమాని: ఇప్పటిదాకా ఎవరూ అడగలేదండి. అడగరు కాబట్టే తక్కువకి చేస్తున్నాను. ఆయ్, కాలువ గట్టు మీదే. మూడడుగులు తవ్వితే నీళ్లు పడే ఊరు, కొబ్బరితోట ధర చూస్తే కళ్లు తిరుగుతాయి, యార్డుకి చోటెక్కడిది?

(కాసేపు ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు.)

ఇన్‌స్పెక్టర్: సెయింట్ పాల్ పక్కనే మినియాపొలిస్‌లో ఇంకో దారి పట్టారు. సగం నగరం మునిసిపాలిటీ మనుషులే చూస్తారు. మిగతా సగాన్ని, అప్పటికే ఉన్న కంపెనీలన్నీ కలిసి కట్టిన ఒకే సంస్థకి 1971లో ఇచ్చారు. మనమూ ఇలాంటివాళ్లని వెళ్లగొట్టకుండా వార్డులు పంచొచ్చు. చెత్త వేరుచేసే షెడ్డుకి చేరితేనే బిల్లు.

మాజీ సర్పంచ్: షెడ్డు మా ఊళ్లో ఉందండీ. తాళం వేసి ఉంది.

ఆటో యజమాని: తాళం తీస్తే నేను తీసుకొస్తాను. కానీ ఆ ముడి వేసిన కవర్ల సందులోకి నా ఆటో పట్టదండి. తోపుడు బండి ఇప్పించాలి.