తాళం సంగతి దొంగకు తెలిసింది, పక్కింటికి తెలియలేదు

(సంక్రాంతి సెలవులకు ముందు కాలనీ కమ్యూనిటీ హాల్లో చేసిన ప్రసంగం)

అక్కలకు, చెల్లెళ్లకు, అన్నలకు, వెనక నిలబడ్డ వాచ్‌మన్ తమ్ముళ్లకు నమస్కారం.

పండక్కి సగం కాలనీ ఊళ్లకు వెళ్తుంది కాబట్టి దొంగతనాల గురించి ఎవరితోనైనా నాలుగు మాటలు చెప్పిద్దామని అసోసియేషన్‌లో అనుకున్నారు. నేను చెబుతానని అడిగి మరీ వచ్చాను. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని, ఈ విషయంలో నాకు ప్రత్యేకమైన చదువేమీ లేదు. మా ఇంట్లో దొంగలు పడ్డారు. ఆ తర్వాత మేం చేసిన తప్పులు ఇంకొకరు చేయకూడదని నా కోరిక.

2024 దసరాకు మేమందరం నల్గొండ దగ్గర మా ఊరికి వెళ్లాం. సద్దుల బతుకమ్మ రాత్రి ఇక్కడ మా తలుపు పగిలింది. తెల్లారి పాలు వేసే అబ్బాయి తలుపు ఓరగా ఉండటం చూసి ఫోన్ చేశాడు. కారులో వస్తున్నంతసేపూ మా వారు ఒకటే మాట అడిగారు, "బీరువా తాళాలు ఎక్కడ పెట్టావు?" అని. అందరూ పెట్టే చోటే పెట్టాను. బీరువా మీద, పాత క్యాలెండర్ల కింద.

పదకొండు తులాల బంగారం, వెండి సామాను, కొంత నగదు పోయాయి. అందులో మా అమ్మ ఇచ్చిన గుండ్ల హారం ఉంది. దాని ధర చెప్పగలను కానీ దాని విలువ చెప్పలేను. ఇంకో బాధ కూడా ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. బట్టలన్నీ మంచం మీద కుప్పగా పడి ఉన్నాయి. ఎవరివో చేతులు నా చీరల మడతల్లో తిరిగాయన్న ఆలోచన వచ్చి కడుపులో తిప్పింది. ఆ చీరలన్నీ రెండేసి సార్లు ఉతికించినా చాలా రోజులు కట్టుకోబుద్ధి కాలేదు.

మొదటి తప్పు అక్కడే జరిగింది. పోలీసులు వచ్చేలోపు మా ఆడపడుచు ఆ బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది. నేను బీరువా తలుపు పట్టుకుని లోపలంతా వెతికాను. చిందరవందరగా ఉన్న ఇంటిని చూస్తే చేతులు ఊరుకోవు కదా! తర్వాత క్లూస్ టీం వాళ్లు వచ్చి, బీరువా మీద మా వేలిముద్రలే ఎక్కువున్నాయని చెప్పారు. మీకు ఎప్పుడూ ఈ అవసరం రాకూడదు. వస్తే మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోండి. లోపల ఇంకా ఎవరైనా ఉండొచ్చు కూడా. బయట నిలబడి 100కో 112కో ఫోన్ చేయండి. చీపురు ముట్టుకోవద్దు.

ఇప్పుడు చెప్పబోయేది నాకు చాలా కష్టమైన విషయం. "మీకు ఎవరి మీదైనా అనుమానం ఉందా?" అని అడిగారు. మా ఇంట్లో ఆరేళ్లుగా పని చేస్తున్న ఆమె పేరు నేనే చెప్పాను. కారణం ఏమీ లేదు. ఇంట్లోకి వచ్చి వెళ్లే మనిషి, పేద మనిషి, అంతే. ఆమెను, ఆమె కొడుకును రెండు రోజులు స్టేషన్‌కు పిలిపించి అడిగారు. ఆ తర్వాత ఆమె మా ఇంటికి రాలేదు. మా వీధిలో ఇంకో రెండు ఇళ్లు కూడా ఆమెను మానిపించాయి. నాలుగు నెలలకు అసలు దొంగలు దొరికారు. వేరే జిల్లా నుంచి వచ్చినవాళ్లు, ఆమెకు వాళ్లెవరో కూడా తెలియదు. నేను ఆమె ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాను. "పోనీలే అమ్మా" అంది కానీ నా ముఖం చూడలేదు. మా బంగారం కొంతైనా తిరిగొచ్చింది. ఆమె పోగొట్టుకున్న ఇళ్లు ఒక్కటీ తిరిగి రాలేదు.

అందుకే చెబుతున్నాను. పోలీసులకు మీరు చూసింది చెప్పండి. కొత్తగా తిరిగిన మనుషులు, ఆగిన బండ్లు, పని ఉందంటూ వచ్చి ఇల్లంతా చూసి వెళ్లినవాళ్లు, అన్నీ చెప్పండి. ఊహతో మాత్రం ఒక మనిషి పేరు ఇవ్వకండి. అంజనం వేయిద్దాం, బియ్యం మంత్రించి తినిపిద్దాం అని మాకూ సలహాలు వచ్చాయి. మింగలేనివాడే దొంగ అంటారు. కానీ భయంతో నోరు ఎండితే ఏ మనిషీ ఆ బియ్యం మింగలేడు. దాన్ని నేరమనుకుంటే ఇంకెన్ని బతుకులు పాడవుతాయో ఆలోచించండి.

ఇంట్లో వాళ్లను మనమే దొంగల్లా నిలబెట్టడం కూడా చూశాను. "లాకర్లో పెట్టమంటే వినలేదు" అని ఆయన, "పెళ్లికని తీసింది మీ చెల్లెలి కోసమే కదా" అని నేను. మా అత్తమ్మ అయితే "నేను ఊరికి రాకుండా ఇక్కడే ఉండాల్సింది" అని రోజూ ఏడ్చింది. ఆ వయసులో ఆమె ఉండి ఉంటే ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ వణుకు. మా చిన్నమ్మాయి నెల రోజులు ఒంటరిగా స్నానానికి వెళ్లలేదు. నాకు రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది, లేచి గడియలన్నీ చూసి వచ్చి పడుకునేదాన్ని, మళ్లీ లేచేదాన్ని. దీనికి కూడా సాయం ఉంటుందని నాకు ఆలస్యంగా తెలిసింది. 14416కు ఫోన్ చేస్తే టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు. నేను చేశాను. "దొంగతనం జరిగిన ఇంట్లో నిద్ర పట్టకపోవడం మామూలే" అని ఒక మనిషి నెమ్మదిగా చెప్పాక నాకు కొంత తేలికైంది. పిల్లలున్న ఇళ్లలో వారం పాటు అందరూ ఒకే గదిలో పడుకోండి. అందులో సిగ్గుపడాల్సింది లేదు.

ఇక కాగితాల సంగతి. ఫిర్యాదులో పోయిన వస్తువులు ఉన్నవి ఉన్నట్టు రాయండి. బాధలో ఎక్కువా రాస్తాం, కొన్ని మర్చిపోతాం. తర్వాత గుర్తొచ్చినవి రాతపూర్వకంగా అదనంగా ఇవ్వొచ్చు. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి కాబట్టి మా కేసు భారతీయ న్యాయ సంహిత కింద నమోదైంది. రాత్రిపూట తలుపు పగలగొట్టి లోపలికి దూరినందుకు సెక్షన్ 331(4), ఇంట్లో దొంగతనానికి సెక్షన్ 305. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు ఫిర్యాదుదారుకు చెప్పాలని ఆ కొత్త చట్టాల్లో మరొకటైన భారతీయ నాగరిక సురక్షా సంహిత చెబుతోంది. మీరు వెళ్లి అడగడం ఎవరినీ విసిగించడం కాదు, మీ హక్కు.

మాకు నాలుగు తులాలు దొరికాయి, మిగతాది అప్పటికే కరిగించేశారు. దొరికినవి మావేనని ఎలా నిరూపించాలి? అమ్మ ఇచ్చిన నగలకు బిల్లులు ఎక్కడివి? మమ్మల్ని ఆదుకుంది పెళ్లి ఆల్బమ్. మా పెద్దమ్మాయి పెళ్లిలో దొరికిన గాజులు నేను వేసుకున్న ఫొటోను పెద్దది చేసి చూపించాం. ఈ రాత్రికే ఇంటికి వెళ్లి మీ నగలన్నీ ఒక తెల్ల గుడ్డ మీద పరిచి ఫొటోలు తీయండి, బరువు రాసుకోండి. 2023 ఏప్రిల్ 1 తర్వాత కొన్న హాల్‌మార్క్ నగల మీద అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉంటాయి. హెచ్‌యూఐడీ అంటారు, ప్రతి నగకూ వేరుగా ఉంటుంది. అదీ రాసుకోండి. ఆ ఫొటోలు ఊళ్లో ఉన్న అక్కకో అన్నకో కూడా పంపండి, మన ఫోన్ కూడా పోవచ్చు కదా.

దొరికిన సొత్తు కేసు అయ్యేదాకా కోర్టులోనే ఉండిపోతుందని చాలామంది ఆశ వదులుకుంటారు. అలా ఏళ్ల తరబడి ఉంచక్కర్లేదని, ఫొటోలు తీసి, పంచనామా చేసి, పూచీకత్తు తీసుకుని సొంతదారుకు ఇవ్వొచ్చని 2002లోనే సుప్రీంకోర్టు సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది. మేం వకీలు ద్వారా కోర్టులో దరఖాస్తు పెట్టుకుని తెచ్చుకున్నాం.

ఇన్సూరెన్స్ విషయంలో మేం పొరబడ్డాం. మాకు ఇంటి పాలసీ ఉంది, దొంగతనానికీ వర్తిస్తుందనుకున్నాం. 2021 నుంచి ఇస్తున్న భారత్ గృహ రక్ష పాలసీ ప్రధానంగా అగ్నిప్రమాదం, వరద, తుపాను లాంటి వాటికి. అలాంటి ప్రమాదం జరిగాక ఏడు రోజుల్లోపు వస్తువులు పోతే తప్ప మామూలు దొంగతనం అందులోకి రాదు. దొంగతనానికి బర్గ్లరీ కవర్ అని విడిగా తీసుకోవాలి. బ్యాంకు లాకర్ గురించి కూడా ఒక మాట. బ్యాంకులో దొంగతనం జరిగితే రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే. అద్దె మూడు వేలయితే మూడు లక్షలు. అయినా సరే, క్యాలెండర్ల కింద తాళాలు పెట్టిన బీరువా కంటే లాకర్ ఎన్నో రెట్లు నయం. పెళ్లికని తీసిన నగ పెళ్లి అయిన వారంలో తిరిగి లాకర్‌కు చేరాలి. మేం రెండు నెలలు ఆలస్యం చేశాం.

తలుపు సంగతికి వస్తాను. మా కప్పతాళం చాలా గట్టిది, కంపెనీది. అది పగల్లేదు. గొళ్లెం పట్టి మేకులతో సహా చెక్కలోంచి ఊడొచ్చింది. చిన్న ఇనుప రాడ్డు చాలిందట. మీరూ ఇంటికి వెళ్లి తాళాన్ని కాకుండా గొళ్లేన్ని చూడండి. అరంగుళం స్క్రూలుంటే వడ్రంగిని పిలిచి, తలుపుకు ఆ వైపు నుంచి ఈ వైపుకు వచ్చే బోల్టులు వేయించి లోపల నట్లు బిగించమనండి. ఇప్పుడు మేం తలుపు లోపలే ఇమిడిపోయే తాళం పెట్టించాం. బయట నుంచి చూస్తే ఇంటికి తాళం ఉందో, లోపల మనుషులున్నారో తెలియదు. ముందు ఇనుప గ్రిల్ తలుపు ఉంది. వెనక వంటింటి తలుపు, మేడ మీది తలుపు మాత్రం అందరూ మర్చిపోతారు. వేసవిలో డాబా మీద పడుకునేటప్పుడు కింద తలుపు తీసే ఉంచుతాం, అది మరీ ప్రమాదం.

కెమెరాలు పెట్టించుకున్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఎదురింటి కెమెరాలో మా దొంగలు కనిపించారు, అయితే కెమెరా మేడ మీద ఉండటంతో నెత్తిన టోపీలు తప్ప ముఖాలు పడలేదు. ఒక్కటైనా గేటు దగ్గర ముఖం ఎత్తులో ఉండాలి. రికార్డు చేసే పెట్టెను టీవీ పక్కన పెట్టకండి, పోయేటప్పుడు దాన్నీ పీక్కుపోతారు. అందులో గడియారం సరిగ్గా ఉందో లేదో చూడండి. ఎదురింటి దానిలో నలభై నిమిషాల తేడా ఉండి పోలీసులకు ఒక రోజు పని పెరిగింది. పాత రికార్డు కొన్నాళ్లకు దానంతటదే చెరిగిపోతుంది, అందుకని ఆలస్యం చేయకుండా కాపీ తీయించండి. కెమెరాతో వచ్చిన పాస్‌వర్డ్ మార్చండి, లేకపోతే మన ఇంటి వాకిలి ఎవరైనా చూడొచ్చు.

ఇవన్నీ చేశాక కూడా నా మనసులో ఒక ప్రశ్న మిగిలింది. వీధిలో ముప్పై ఇళ్లుండగా మా ఇంటినే ఎందుకు ఎంచుకున్నారు? దొంగలు దొరికాక దర్యాప్తు చేసిన ఎస్సై గారిని అడిగాను. ఆయన చెప్పింది విన్నాక నాకు నోట మాట రాలేదు. గేటుకు బయట నుంచి తాళం, లోపల పడి ఉన్న మూడు రోజుల పేపర్లు, రాత్రి ఒక్క లైటూ లేకపోవడం. అన్నిటికంటే ముందు, వాకిలి. బతుకమ్మ రోజుల్లో వీధంతా తడి వాకిళ్లు, కొత్త ముగ్గులు. మా వాకిట్లో మాత్రం మూడు రోజుల కిందటి ముగ్గు చెరిగిపోయి ఉంది.

మేం ఊరికి వెళ్లిన సంగతి పక్కింటి వాళ్లకు తెలియదు. దిష్టి అనో, దొంగలకు తెలుస్తుందనో చెప్పలేదు. ఊళ్లో ఆడిన బతుకమ్మ ఫొటోలు మాత్రం వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను, మూడు వందల మంది చూసేలా. ఆ రాత్రి ఏదో చప్పుడు వినిపించిందట పక్కింటి చెల్లెలికి. మేమే తిరిగొచ్చాం అనుకుని పడుకుంది. మేం లేమని ఆమెకు తెలిసి ఉంటే ఒక్క కేక వేసేది. ఇల్లు ఖాళీ అని ఎక్కడి నుంచో వచ్చిన దొంగకు తెలిసింది, గోడకు గోడ ఆనుకుని ఉన్న మనిషికి తెలియలేదు.

అందుకే ఊరికి వెళ్లేటప్పుడు స్టేషన్‌లో చెప్పి వెళ్లండి, గస్తీ వాళ్లు ఆ వీధి మీద ఒక కన్నేస్తారు. ఆంధ్రలో మీ వాళ్లుంటే ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్ గురించి చెప్పండి. ఊరెళ్తున్నామని అందులో తెలియజేస్తే అక్కడి పోలీసులు వచ్చి తాళం వేసిన ఇంట్లో కెమెరా పెట్టి వెళ్తారు, విజయవాడలో మా చెల్లెలు వాడుకుంది. పేపరు, పాలు ఆపించండి. బయట లైటుకు టైమర్ పెట్టుకోండి. ఫొటోలు తిరిగొచ్చాక పెట్టుకుందాం.

అదిగో, తలుపు దగ్గర బల్ల మీద ఒక నోటుపుస్తకం పెట్టాం. ఎవరు ఏ తేదీన వెళ్తున్నారు, ఎప్పుడు వస్తారు, ఎవరికి చెప్పి వెళ్తున్నారు, ఫోన్ నంబరు. అది వాచ్‌మన్ దగ్గర కాకుండా సెక్రటరీ గారి ఇంట్లో ఉంటుంది. ఏదైనా జరిగితే మొదటి అనుమానం ఆ తమ్ముళ్ల మీదికి పోకూడదనే అలా పెట్టమన్నాను.

మొదటి పేజీలో మా ఇల్లు రాశాను. ఈ నెల 12న వెళ్లి 17న వస్తాం. ఆ ఐదు రోజులూ మా వాకిలి ఊడ్చి ముగ్గు వేస్తానని పక్కింటి చెల్లెలు మాటిచ్చింది. ఆమె ఉగాదికి వాళ్ల అమ్మగారింటికి వెళ్తుంది, అప్పుడు వాళ్ల వాకిట్లో నేను వేస్తాను.