అయోడిన్ మోతాదుకు ముందు తీసిన రక్తం

నమస్కారం. డాలస్ శివారులోని మా ఇంటి నుంచి ఈ ఉదయం ల్యాబ్‌కు వెళ్లి వచ్చిన సంగతి చెబుతాను. క్యాన్సర్ కారణంగా నా థైరాయిడ్ గ్రంథిని పూర్తిగా తీసేశారు. ఇంకా ఏమైనా కణాలు మిగిలి ఉంటే వాటి కోసం రేడియోధార్మిక అయోడిన్ ఇవ్వబోతున్నారు.

ఆ కణాలు అయోడిన్‌ను బాగా పీల్చుకోవాలంటే, మామూలుగా 0.4 నుంచి 4 మధ్య ఉండే టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్) 30 దాటాలట. అందుకు కొందరికి వరుసగా రెండు రోజులు ఇంజెక్షన్ ఇస్తారు. నాకు మాత్రం, గ్రంథికి బదులుగా వేసుకునే థైరాయిడ్ హార్మోన్ మాత్రను మాన్పించారు; అది ఆపితే టీఎస్‌హెచ్ దానంతటదే పెరుగుతుంది. నాలుగో వారానికి ఒళ్లు బరువెక్కి, మే నెల ఎండలోనూ శాలువా కప్పుకుని కూర్చుంటున్నాను.

అసలు చూడవలసిన అంకె థైరోగ్లోబులిన్‌ది. ఈ ప్రోటీన్‌ను థైరాయిడ్ కణాలే తయారుచేస్తాయి కనుక, గ్రంథి లేని మనిషి రక్తంలో అది ఎంత ఉందన్నదానిని బట్టి మిగిలినదెంతో అంచనా వేస్తారు. అయోడిన్ పుచ్చుకున్నాక కణాలు దెబ్బతిని ఆ ప్రోటీన్ రక్తంలోకి వచ్చి పడుతుంది. అప్పుడు తీస్తే లెక్క తప్పుతుంది కాబట్టి రక్తం ముందే ఇవ్వాలి. దానితోపాటు, ఆ ప్రోటీన్‌కు వ్యతిరేకంగా శరీరం తయారుచేసే యాంటీబాడీల పరీక్ష కూడా తప్పనిసరి. అవి ఉంటే థైరోగ్లోబులిన్ ఉన్నదానికంటే తక్కువగా కనిపించవచ్చు, మనమేమో తక్కువ వచ్చిందని సంబరపడిపోతాము.

నిజానికి ఈ రక్తం సోమవారమే ఇవ్వవలసింది. జుట్టు రాలుతోందని మా వదిన ఇచ్చిన మాత్రలు వేసుకుంటున్నానని నర్సుకు చెప్పగానే, సీసా తిప్పి చూపించమన్నారు. అందులో బయోటిన్ అనే విటమిన్ ఉంది. అది కొన్ని యంత్రాల్లో ఇదే పరీక్షను తక్కువగా చూపించగలదట. మాత్రలు ఆపి గురువారం రమ్మన్నారు. జుట్టు మాత్ర కూడా మందేనని నాకు అంతవరకు తోచనే లేదు!

ఇక ఇంట్లో అయోడిన్ తక్కువ తిండి నడుస్తోంది. రోజుకు 50 మైక్రోగ్రాములు దాటకూడదు కనుక అయోడిన్ కలపని ఉప్పు డబ్బా వెతికి తెచ్చుకున్నాము. చేపలు, గుడ్డు పచ్చసొన మానడం కష్టమనిపించలేదు కానీ, పాలూ పెరుగూ కూడా ఆ జాబితాలోనే ఉన్నాయి. ల్యాబ్ నుంచి రాగానే గుంటూరు నుంచి అమ్మ వీడియో కాల్ చేసింది. మోచేతి దగ్గర అంటించిన దూదిని చూపించి, అంకెలన్నీ వివరంగా చెప్పాను. అంతా విని, "సరేనమ్మా, పోనీ కాస్త మజ్జిగైనా తాగొచ్చా?" అని అడిగింది.