పొట్టేరు కాలువ: ఎక్కడి నీళ్లు, ఎక్కడ ఆగుతున్నాయి

అధ్యక్షులకు, పెద్దలకు, మన ఒడిశా మల్కన్‌గిరి జిల్లాలోని కలిమెల, పొడియా, మోటు వైపుల నుంచి వచ్చిన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం. జల దినోత్సవం కదా, పొట్టేరు కాలువ చరిత్ర చెప్పమన్నారు. ఇరవై నిమిషాలు ఇచ్చారు. ఒక్కొక్కరి పేరూ చెప్పి పొగుడుతూ కూర్చుంటే అవి అక్కడికే సరిపోతాయి. పెద్దలు మన్నించాలి.

పొట్టేరు అనే ఏరు మనదే గానీ, ఎండాకాలం మన కాలువలో పారే నీళ్లు పొట్టేరువి కావు. అవి సీలేరు నీళ్లు. 1962లో ఆంధ్ర, ఒడిశా ఒప్పందం చేసుకున్నాయి. బలిమెల ఆనకట్ట దగ్గర దొరికే నీళ్లు చెరి సగం. ఆంధ్ర సగం సీలేరులోనే దిగి, దొంకరాయి మీదుగా దిగువ సీలేరు కరెంటు కేంద్రానికి పోతుంది. ఒడిశా సగం కొండకు ఇవతల బలిమెల పవర్‌హౌస్‌లో పడి, టర్బైను తిప్పి పొట్టేరులో కలుస్తుంది. దాన్ని సుర్లికొండ బ్యారేజీ దగ్గర ఆపి, కుడి ఎడమ కాలువల్లోకి మళ్లించారు. తమాషా ఏమిటంటే, పొట్టేరు శబరిలో పడుతుంది, సీలేరు మోటు దగ్గర అదే శబరిలో పడుతుంది. పైన పంచుకున్న నీళ్లు కింద మళ్లీ ఒకటే. పోలవరం వెనక నీటి సంగతి ఇక్కడే ఎత్తాలి గానీ, ఎత్తితే ఈ సభ రేపటిదాకా సాగుతుంది. వదిలేద్దాం.

ఇక ఊళ్ల సంగతి. 1936 దాకా ఇది విశాఖపట్నం ఏజెన్సీ, జయపురం సంస్థానం. కోయవాళ్ల పోడు, ఇప్పపువ్వు, వెదురు తప్ప వరి ఎక్కడో పల్లపు మడిలోనే. 1958లో దండకారణ్య ప్రాజెక్టు వచ్చింది. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కుటుంబాలకు అడవి కొట్టి భూములిచ్చారు. ఊళ్లకు పేర్లు పెట్టే తీరిక లేక నంబర్లు పెట్టారు. ఎం.వి. అంటే మల్కన్‌గిరి విలేజ్, అంతే. కలిమెల పక్కన ఎం.వి. 79 ఈనాటికీ నంబరుతోనే పిలుపు. ఆ నంబర్లు వేసేటప్పుడు పక్కనున్న కోయ గూడేల పేర్లు ఎవరైనా అడిగారా అన్నది వేరే ప్రశ్న.

ఇచ్చింది మెట్ట. వాన పడితే పంట, లేకపోతే లేదు. 1978లో వేల మంది ఇవన్నీ వదిలి సుందరబన్స్‌లోని మరీచ్‌ఝాపి దారి పట్టారు. కారణాలు చాలా ఉన్నాయి, నీళ్లు లేని భూమి వాటిలో ఒకటి. మరుసటి ఏడు అక్కడినుంచీ వాళ్లను ఖాళీ చేయించారు. కాలువ నీళ్లు పొలం చేరిన చోట దాళ్వా, అంటే ఎండాకాలపు రెండో వరి పంట, వచ్చింది, దాళ్వా వెంట ధాన్యం వ్యాపారం, మిల్లు, ట్రాక్టరు షెడ్డు, ఎరువుల కొట్టు వచ్చాయి. కలిమెల సంతలో తెలుగు, బెంగాలీ, కోయ, ఒడియా నాలుగూ వినపడటం వెనక ఈ కాలువ ఉంది.

చరిత్ర ఇంతే. ఇప్పుడు నేను చెప్పాల్సింది చెప్తాను.

ఇది మార్చి నెలాఖరు. వరి పొట్ట మీద ఉంది. శివారు పొలాల వాళ్లను చేతులెత్తమంటే ఎన్ని లేస్తాయో నాకు తెలుసు, అందుకే అడగను. ‘పైన నీళ్లు లేవు’ అన్న జవాబు మీరు ఏటా వింటున్నారు. అందులో ఎంత నిజమో లెక్క వేద్దాం. పవర్‌హౌస్‌లో 60 మెగావాట్ల యూనిట్లు ఆరు, తర్వాత పెట్టిన 75 మెగావాట్లవి రెండు, మొత్తం 510. ఒక్క 60 మెగావాట్ల యూనిట్ నిండుగా తిరిగితే సెకనుకు ఇంచుమించు 25 వేల లీటర్లు కిందికి వస్తాయి, అంటే దాదాపు 880 క్యూసెక్కులు. ఒక క్యూసెక్కు రోజంతా పారితే, దారిలో ఏమీ పోకపోతే, 12 ఎకరాలకు 5 సెంటీమీటర్ల నీళ్లు నిలబెట్టవచ్చు. ఐదు రోజుల వంతు పెట్టుకుంటే 60 ఎకరాలు. మరి నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయి?

మొదటిది, యూనిట్లు మన వరి కోసం తిరగవు, కరెంటు గిరాకీ కోసం తిరుగుతాయి. సాయంత్రం ఎక్కువ, పగలు తక్కువ. ఆ హెచ్చుతగ్గుల్ని బ్యారేజీలో సర్దకపోతే కాలువ మట్టం ఊగుతుంది. మట్టం తూము గడప కంటే కిందికి దిగిందా, కాలువలో నీళ్లున్నా ఆ మైనరుకు, అంటే ఆ తూము నుంచి పొలాలకు పోయే పిల్లకాలువకు, చుక్క ఎక్కదు. అప్పుడు ఎగువవాడు అడ్డకట్ట వేస్తాడు, దిగువవాడు రాత్రి వెళ్లి తెంపుతాడు. తగాదా మనుషుల మధ్య కనపడుతుంది, పుట్టింది మాత్రం మట్టంలో.

రెండోది గడ్డి. శుభ్రమైన మట్టి కాలువలో పారే నీళ్లతో పోలిస్తే, తుంగ, నాచు దట్టంగా పట్టిన అదే కాలువలో అదే లోతుకు సగమే పారతాయి. పూడిక తీశాం అని గట్టు మీద మట్టి పోస్తారు, తొలి వానకు అది మళ్లీ లోపలికే. మట్టిని గట్టు అవతలికి వేయాలి. గండి పడితే బస్తాలు పడేసి పైన మట్టి కప్పడం మరమ్మతు కాదు. తెగిన అంచుల్ని మెట్లుగా కోసి, బంకమట్టి జానెడు మందాన పరిచి, తడిపి, దిమ్మిసతో కొట్టి, ఆపైనే రెండో పొర. లేకపోతే పాత మట్టికీ కొత్త మట్టికీ మధ్య నీళ్లు దారి చేసుకుంటాయి, వచ్చే ఏడు గండి అక్కడే.

ఇవన్నీ ఒక ఎత్తు. అయ్యా, కొలత లేకుండా మీరు ఎన్ని అర్జీలు పెట్టినా అది ఏడుపు కిందే జమ. ప్రతి మైనరు మొదట్లో గేజి పలక, అంటే నీటి మట్టం చూపే అంకెల పలక, చివర్లో వి-నాచి రేకు, అంటే V ఆకారంలో కోత కోసి నీళ్లకు అడ్డంగా నిలబెట్టే రేకు. తొంభై డిగ్రీల కోత. కోత అడుగు మొన నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తున నీళ్లు దూకితే సెకనుకు 25 లీటర్లు. అదే 10 సెంటీమీటర్లయితే పన్నెండున్నర అనుకుంటారు. కాదు, నాలుగున్నరకు కొంచెం తక్కువ. కళ్లకు సగం నీళ్లు కనపడుతుంటే పొలానికి చేరేది ఐదో వంతు కూడా కాదు. ఎగువవాళ్లు ‘నీళ్లు పోతూనే ఉన్నాయిగా’ అనేది అబద్ధం కాదు, చూపు మోసం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, తేదీ వేసి పుస్తకంలో రాయండి. 2002లో ఒడిశాలో పానీ పంచాయతీ చట్టం, అంటే రైతుల నీటి సంఘాల చట్టం, వచ్చింది. సంఘం ఉంది, సంతకాలున్నాయి. ఈ పుస్తకం ఏ ఊళ్లో ఉంది, చూపించండి?

రేకు పెట్టేటప్పుడు రెండు జాగ్రత్తలు. దూకిన నీళ్లు కింద ఎగదన్ని కోత మొనను ముంచకూడదు. కొలత రేకు దగ్గర తీయకూడదు, అక్కడ మట్టం వంగి ఉంటుంది. మీటరు వెనక్కి పోయి తీయాలి. రేకు ముందు ఒండ్రు పేరుకుంటే లెక్క తప్పుతుంది, వారానికోసారి పార పట్టండి.

అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. మైనరు చివర పొలాలున్నవాళ్లు భోజనాలయ్యాక వెళ్లిపోకండి. రేకు కోత కొలతలు, ఎత్తుకి ఎన్ని లీటర్లో పట్టిక తెలుగులో, బెంగాలీలో రాయించి తెచ్చాను. మైనరుకు ఒకరు చొప్పున వచ్చి తీసుకోండి.