రోజూ తుడిచే కారుకే గీతలెక్కువ: పెయింట్ పాడవకుండా కడగడం ఇలా

[దృశ్యం: నల్లగండ్లలో ఒక అపార్ట్‌మెంట్ గేటు ముందు, పొద్దుటి ఎండ. నల్ల రంగు కారు బానెట్. కెమెరా మెల్లగా పక్కకు జరుగుతుంటే ఎండ పడిన చోటల్లా గుండ్రంగా అల్లుకున్న సన్నని గీతలు కనబడతాయి.]

నమస్కారం. ఈ కారు ఎక్కడా గుద్దుకోలేదు, ఒక్క సొట్ట లేదు. ఓనర్‌కి ఇదంటే ప్రాణం, రోజూ పొద్దున్నే తుడిపిస్తారు. సెల్లార్‌లో ఉన్నంతసేపూ తళతళలాడుతుంది. ఎండలోకి తెస్తే ఇదీ సంగతి.

అదే అపార్ట్‌మెంట్‌లో రెండు వారాలుగా ఎవరూ ముట్టుకోని కారు ఇంకోటి ఉంది. దుమ్ము కొట్టుకుపోయి, వెనకద్దం మీద ఎవరో వేలితో పేరు రాసేంత. చూడటానికి బాగోదు, నిజమే. కానీ పెయింట్‌కు దానివల్ల పెద్దగా వచ్చిన నష్టమేమీ లేదు. దుమ్ము ఊరికే పడి ఉంటే గీతలు పడవు. దాని మీద గుడ్డ పెట్టి రాసినప్పుడే పడతాయి. అన్నట్టు, ఆ పేరు రాసిన వేలు మాత్రం గీత పెట్టే ఉంటుంది. పిల్లలకు చెప్పండి.

[గ్రాఫిక్: కారు తలుపు రేకు మీద ఒకదానిపై ఒకటి నాలుగు పొరలు.]

రేకు మీద మొదట తుప్పు పట్టకుండా ఒక పూత ఉంటుంది. దానిపైన ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికన్నా పైన రంగులేని క్లియర్ కోట్. కంపెనీ నుంచి వచ్చిన కారుకు ఇవన్నీ కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. క్లియర్ కోట్ ఒక్కటే తీసుకుంటే 40, 50 మైక్రాన్లు. మన తలవెంట్రుక కూడా సాధారణంగా అంతకన్నా మందంగా ఉంటుంది.

మెరుపంతా ఆ పొరదే, దెబ్బలు తినేదీ అదే. 'కారు రంగు వెలిసిపోయింది' అంటుంటారు. చాలాసార్లు రంగు ఎక్కడికీ పోదు. క్లియర్ కోట్ మీద వేల గీతలు పడి, వెలుతురు నేరుగా తిరిగి రాకుండా చెదిరిపోతుంది, అంతే. తెల్ల కార్లవాళ్లు సంతోషపడనక్కర్లేదు. గీతలు మీ బండి మీదా ఉంటాయి, కంటికి ఆనవు.

[దృశ్యం: కోకాపేట వైపు, రాతిని తొలిచి తీసిన లోతైన సెల్లార్ గొయ్యి. టిప్పర్ వెళ్తుంటే లేచే తెల్లటి దుమ్ము.]

ఇప్పుడు మన ఊరి దుమ్ము గురించి చెప్పాలి. హైదరాబాద్ ఉన్నదే రాతి మీద. గోల్కొండ, మౌలాలి, ఖాజాగూడ గుట్టలన్నీ సుమారు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైట్. కోకాపేట, నార్సింగి, పుప్పాలగూడ వైపు టవర్ల సెల్లార్ల కోసం ఆ రాయినే పగలగొడుతున్నారు. ఆ పొడి గాల్లో తిరిగి తిరిగి మన బానెట్ మీద వాలుతుంది. గ్రానైట్‌లో పలుగురాయి ఉంటుంది, అదే క్వార్ట్జ్. ఖనిజాల గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద దానిది 7. మామూలు గాజు ఐదున్నర దగ్గర ఆగిపోతుంది. గాజునే గీయగల పొడి క్లియర్ కోట్‌ను వదిలిపెడుతుందా? ఆ దుమ్ము మీద పొడిగుడ్డ వేసి తుడిస్తే మీ చేతిలో ఉన్నది గుడ్డ కాదు, ఉప్పుకాగితం.

సిగ్నల్ దగ్గర అమ్మే పీచు డస్టర్లు, ఈకల డస్టర్లు అన్నీ ఇదే లెక్కలోకి వస్తాయి. దుమ్ము పట్టిన బండి మీద కవర్ వేసినా అంతే. గాలికి కవర్ కదిలినప్పుడల్లా అది బండిని రుద్దుతూనే ఉంటుంది.

[దృశ్యం: సెల్లార్. బకెట్, గుడ్డతో కార్లు తుడుస్తున్న కుర్రాడు. ముఖం కనబడదు, చేతులు మాత్రమే.]

నేను: తమ్ముడూ, ఒక బకెట్‌తో ఎన్ని బండ్లు తుడుస్తావు?

కుర్రాడు: నాలుగైదు తుడుస్త అన్నా. నీళ్లు మరీ నల్లగైతే మారుస్త.

నేను: రోజూ తుడవకుండా వారానికోసారి మంచిగా కడిగితే?

కుర్రాడు: నాకైతే పని తక్కువే కదన్నా. గాని ఒక్కరోజు తుడవకుంటే సార్లు ఫోన్ చేస్తరు. పైసలు తీసుకుంటలేవా అంటరు.

విన్నారుగా. తప్పు అతనిది కాదు, మనం చెప్పే పనిదే. నెల డబ్బులు అంతే ఇవ్వండి. రోజూ అద్దాలు మాత్రం, బాగా తడిపి, అద్దాలకే కేటాయించిన గుడ్డతో తుడవమనండి. లోపల మ్యాట్లు దులపమనండి. బాడీని మాత్రం వారానికో, పది రోజులకో ఒకసారి పద్ధతిగా కడిగితే చాలు.

[దృశ్యం: అదే నల్ల కారు సెల్లార్‌లో. పక్కన మూడు బకెట్లు, పంపు, గుడ్డలు.]

కడిగే ముందు బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే ఆగండి. వేడి రేకు మీద షాంపూ నురుగు అక్కడికక్కడే ఎండి మరకవుతుంది. ఆఫీసు నుంచి వచ్చిన వెంటనే వద్దు. ఎండాకాలంలోనైతే పొద్దున్నే కడగడం మేలు.

చక్రాలు ముందు కానివ్వండి, వాటికి వేరే బకెట్, వేరే బ్రష్. బ్రేకులు అరిగి రాలిన ఇనుప పొడి రిమ్ముల నిండా ఉంటుంది. ఆ బ్రష్ గానీ, ఆ నీళ్లు గానీ బాడీ దగ్గరికి రాకూడదు.

తర్వాతది అన్నిటికన్నా ముఖ్యమైన పని, అందరూ వదిలేసే పని కూడా ఇదే. బండిని ముట్టుకోకుండా, ఒట్టి నీళ్లతో వీలైనంత దుమ్ము దింపేయాలి. మగ్గుతో పోస్తే నీళ్లు జారిపోతాయి, దుమ్ము ఉన్నచోటే ఉంటుంది. కొంచెం ఒత్తిడి కావాలి. సెల్లార్‌లో పైపు లేదు, ప్రెషర్ వాషర్‌కు ప్లగ్ పాయింట్ లేదు అంటారా? ఊళ్లో పొలానికి మందు కొట్టే బ్యాటరీ పంపు చూశారు కదా, 16 లీటర్లది. వీపుకు తగిలించుకుని కొట్టేయొచ్చు. కానీ కొత్తదే కొనండి. కలుపు మందు కొట్టిన పాత పంపును ఊరి నుంచి డిక్కీలో వేసుకుని రావద్దు.

[దృశ్యం: పంపుతో పైకప్పు నుంచి కిందికి నీళ్లు కొట్టడం. తలుపు మీద నుంచి బూడిద రంగు నీళ్లు కారడం దగ్గరగా.]

ప్రెషర్ వాషర్ ఉన్నవాళ్లు వెడల్పుగా చిమ్మే నాజిల్ పెట్టి, అడుగు దూరానికి తగ్గకుండా కొట్టండి. రాయి తగిలి పెయింట్ లేచిన చోట, ఎప్పుడో టచప్ చేయించిన చోట మరీ దగ్గరగా కొడితే ఆ పెచ్చు ఊడి వస్తుంది.

ఆ తర్వాత షాంపూ నీళ్లను స్ప్రేయర్‌తో బండంతా చల్లి నాలుగైదు నిమిషాలు నాననివ్వాలి, ఎండిపోనివ్వకూడదు. మళ్లీ నీళ్లు కొట్టండి. ఇంతవరకూ మన చెయ్యి బండికి తగల్లేదు, గమనించారా?

[దృశ్యం: పక్కపక్కన రెండు బకెట్లు. ఒకదానిలో నురుగు, ఒకదానిలో మామూలు నీళ్లు.]

చెయ్యి వేయడానికి రెండు బకెట్లు కావాలి. ఒకదాంట్లో షాంపూ, ఇంకోదాంట్లో ఒట్టి నీళ్లు. మైక్రోఫైబర్ వాష్ మిట్, అంటే చేతికి తొడుక్కునే తొడుగు, షాంపూలో ముంచి ఒక భాగం కడగాలి. వెంటనే ఒట్టి నీళ్ల బకెట్‌లో జాడించి, పిండి, అప్పుడు మళ్లీ షాంపూలో ముంచాలి. ఒకటే బకెట్ అయితే తీసిన మట్టిని మళ్లీ బండికే పూస్తున్నట్టు. బకెట్ అడుగున పెట్టే ప్లాస్టిక్ జాలీలు దొరుకుతాయి, మట్టి కిందికి దిగి మళ్లీ పైకి లేవదు. రాణిగంజ్‌లోనో, ఆన్‌లైన్‌లోనో చూడండి.

పైకప్పు, అద్దాలు, బానెట్, డిక్కీ, తలుపుల పై సగం, ఆ వరసలో రండి. తలుపుల కింది సగం, బంపర్లు చివరికి. రోడ్డు మట్టంతా అక్కడే ఉంటుంది. నొక్కొద్దు, మిట్ బరువు చాలు. గుండ్రంగా తిప్పొద్దు, నిలువుగానో అడ్డంగానో నేరుగా లాగండి. ఎంత జాగ్రత్తపడినా ఒకటీ అరా గీత పడుతుంది. నేరుగా పడిన గీత ఒక వైపు నుంచే కనబడుతుంది, గుండ్రంగా పడింది ఎటు చూసినా కనబడుతుంది.

షాంపూ అంటే కారు షాంపూ, పీహెచ్ న్యూట్రల్ (అంటే ఆమ్లమూ కాదు, క్షారమూ కాదు) అని రాసి ఉన్నది. బట్టల సర్ఫ్‌లో క్షారం ఎక్కువ, పైగా కరగని పలుకులుంటాయి. గిన్నెలు తోమే లిక్విడ్ జిడ్డుతో పాటు మెరుపు కోసం మీరు పూసిన వాక్స్‌ను కూడా తీసేస్తుంది. ఒక్కసారికి కొంపలేం మునగవు, అలవాటు చేసుకోవద్దంతే.

[దృశ్యం: కడిగి అలాగే వదిలేసిన కారు. ఎండిన నీటిచుక్కల తెల్లటి మచ్చలు దగ్గరగా.]

ఇక నీళ్లు. నాగార్జునసాగర్ నుంచి, ఎల్లంపల్లి నుంచి వంద కిలోమీటర్లకు పైగా పంపు చేసి తెస్తున్న తాగునీటిని పైపు పెట్టి కారు మీద పోస్తే జలమండలి జరిమానా వేస్తోంది. వేయాల్సిందే. సరే, బోరు నీళ్లు వాడదామంటే వాటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. నీరు ఆవిరైపోయి అవి మిగులుతాయి, ఈ తెల్ల మచ్చలు అవే. చాలామంది ఇళ్లలో ఆర్వో వదిలేసే నీళ్లు పట్టి కార్లు కడుగుతుంటారు. నీళ్లు ఆదా అవుతాయి, మంచి పనే. కానీ ఆ నీళ్లలో లవణాలు ఇంకా చిక్కగా ఉంటాయి. చక్రాలకు, మొదట దుమ్ము దింపడానికి వాడుకోండి, చివరి కడుగుకు వద్దు.

చివరి కడుగుకు నేను చెప్పేది ఏసీ నీళ్లు. బాల్కనీలో ఏసీ పైపు కింద బకెట్ పెడతారు కదా, ఆ నీళ్లు. గాలిలోని తేమ చల్లబడి నీరయింది కాబట్టి దాంట్లో లవణాలు దాదాపు ఉండవు. ఉక్కపోత రోజుల్లో బకెట్ త్వరగా నిండుతుంది, మే నెల పొడి ఎండల్లో కొంచెం ఓపిక పట్టాలి. శుభ్రమైన గుడ్డలో వడగట్టి, పంపులో పోసి చివరగా ఒకసారి కొట్టండి. పట్టి పెట్టుకున్న వాన నీళ్లయినా పనికొస్తాయి.

ఆరనిచ్చి వదిలేయకండి. దళసరి మైక్రోఫైబర్ టవల్‌ను బానెట్ మీద పరిచి, మెల్లగా ఒక పక్కకు లాగండి, నీళ్లు అదే పీల్చుకుంటుంది. పాత బనియన్లు, లుంగీ ముక్కలు వద్దు. టవల్ చేజారి నేల మీద పడిందా, దాన్ని ఆ రోజుకు పక్కన పడేయండి. ఈ గుడ్డలను మామూలు బట్టలతో కలిపి ఉతకొద్దు, ఫ్యాబ్రిక్ కండిషనర్ అసలే వద్దు, పీల్చే గుణం పోతుంది.

తెల్ల మచ్చలు ఇప్పటికే పడి ఉంటే కిరాణా కొట్టులో దొరికే తెల్ల వెనిగర్‌ను సగానికి సగం నీళ్లు కలిపి, చల్లగా ఉన్న రేకు మీద గుడ్డతో అద్ది, నిమిషం ఆగి కడిగేయండి. పాత మచ్చలైతే క్లియర్ కోట్‌లోకి దిగిపోయి ఉంటాయి, వాటికి పాలిషే గతి.

[దృశ్యం: కారు పైకప్పు మీద పావురాల రెట్ట. దాని మీద తడి టిష్యూ కప్పడం.]

వారం దాకా ఆగకూడనిది ఇదొక్కటే. పావురాలు లేని అపార్ట్‌మెంట్ మన దగ్గర ఎక్కడుంది? రెట్టలో ఆమ్లం ఉంటుంది. ఎండకు రేకు కాగితే కొన్ని గంటల్లోనే క్లియర్ కోట్ మీద అచ్చు పడిపోతుంది. చూసిన వెంటనే తడి టిష్యూ కప్పి పది నిమిషాలు నాననిచ్చి, రుద్దకుండా ఎత్తేయండి. నీళ్లసీసా, టిష్యూ ప్యాకెట్ డిక్కీలో ఎప్పుడూ ఉంచండి.

దసరాకు ఆయుధ పూజ చేయిస్తాం. చేయించండి. బొట్టు బానెట్ మీద కాకుండా ముందు అద్దం మూల మీద పెట్టమనండి, పంతులుగారు ఏమీ అనరు. దండ దారంతో గుచ్చిందేనా, ఇనుప తీగతో కట్టిందా చూసుకోండి. తీగ దండ వేసుకుని ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే గాలికి అది బానెట్‌ను ఎలా గీకుతుందో చెప్పక్కర్లేదు. ఎండిన కుంకుమను పొడిగుడ్డతో తుడవకుండా షాంపూ నీళ్లతో నానబెట్టి తీయండి. పసుపు మరక మిగిలితే గాభరా పడొద్దు, ఎండకు అదే తగ్గిపోతుంది.

మీది పాత అంబాసిడరో, పద్మినీయో అయితే ఒక మాట. ఆ కాలం పెయింట్లకు క్లియర్ కోట్ లేకపోవచ్చు. వాక్స్ రుద్దితే గుడ్డకు కారు రంగే అంటుకుంటుంది. అది మురికి అనుకుని ఇంకా గట్టిగా రుద్దితే పోయేది రంగే.

[దృశ్యం: రోడ్డు పక్క వాటర్ సర్వీసింగ్ సెంటర్, దూరం నుంచి. బోర్డు కనబడదు.]

బయట వాటర్ సర్వీసింగ్‌కు ఇస్తే ఫోమ్, నీళ్లు కొట్టించుకోండి, స్పాంజి మాత్రం మీదే ఇవ్వండి. అక్కడి స్పాంజి పొద్దుట ఏ ట్రాలీ ఆటోను రుద్దిందో మనకు తెలియదు. అండర్‌బాడీకి డీజిల్ కొడతామంటే వద్దనండి, రబ్బరు బుష్‌లు పాడవుతాయి.

[దృశ్యం: మళ్లీ నల్ల కారు. తలుపు మీద చిన్న మీటర్ పెడితే 118 అని అంకె.]

ఉన్న గీతలు పోవాలంటే? మెషిన్ పాలిష్‌తో పోతాయి. కానీ పాలిష్ గీతను పూడ్చదు, దాని లోతు దాకా చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను అరగదీస్తుంది. అది మళ్లీ పెరగదు. అందుకే షాపువాళ్లు మెషిన్ ఆన్ చేసే ముందు, ఈ మీటర్‌తో ప్రతి ప్యానెల్ మందం కొలిచి చూపించమని అడగండి. మిగతా ప్యానెళ్లన్నీ 120 మైక్రాన్ల చుట్టూ ఉండి, ఒకటి మాత్రం 200 దాటిందంటే అక్కడ మళ్లీ పెయింట్ వేశారని అర్థం. ఒక్కటే బాగా తక్కువ చూపిస్తే అక్కడ ఇదివరకే అరగదీశారేమో అని అనుమానించాలి, దాని జోలికి వెళ్లొద్దనండి. మీటర్ లేదు, కంటితో చూసి చెప్పేస్తాం అంటే తాళాలు తీసుకుని వచ్చేయండి.