లేజర్‌ను వైఫైతో నడపండి, ఆపే బటన్‌కు మాత్రం వైరు వేయండి

[తెర మీద: రాత్రి, మేడ మీద. స్టాండుపై లేజర్, ఎదుటి గోడ మీద తిరుగుతున్న పచ్చటి వలయం.]

నమస్కారం. బరంపురం నుంచి మాట్లాడుతున్నాను. ఇచ్ఛాపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు పెళ్లిళ్లకూ జాతరలకూ లైటింగ్ కట్టే కుర్రాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. లేజర్‌ను వైఫైతో నడపొచ్చా అని. నడపొచ్చు. ఎలాగో, ఎక్కడ జాగ్రత్త పడాలో ఈ రోజు చూపిస్తాను.

వైర్‌లెస్ ఎందుకంటే, మన ఠాకురాణి యాత్రనే తీసుకోండి. రెండేళ్లకోసారి వస్తుంది. ఇరుకు వీధి, అర్ధరాత్రి దాటినా తగ్గని జనం, తలమీద ఘటాలతో చెప్పుల్లేకుండా నడిచే ఆడవాళ్లు. కన్సోల్ వీధికి ఇటు, లేజర్ అటు. ఆ కాళ్ల మధ్య నుంచి కేబుల్ లాగడానికి నాకు మనసు రాదు. ఎవరి కాలికి తగిలినా అమ్మవారి ఘటం కింద పడుతుంది.

[దగ్గర నుంచి: లేజర్ మూత తీసి, లోపలి రెండు చిన్న అద్దాలు.]

ముందు లేజర్ బొమ్మ ఎలా గీస్తుందో చూడండి. దీపావళికి కాకరపువ్వొత్తిని గిర్రున తిప్పితే చీకట్లో వలయం కనిపిస్తుంది కదా? ఇదీ అంతే. ఉన్నది ఒక్క చుక్క. ఈ రెండు గాల్వో అద్దాలు, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా, ఆ చుక్కను పరుగెత్తిస్తాయి. మంచి స్కానర్ సెకనుకు 30,000 బిందువులు గీస్తుంది.

దీన్ని నడిపే దారులు రెండు. మొదటిది డీఎంఎక్స్, అంటే స్టేజీ లైట్లకు ఆజ్ఞలు పంపే పద్ధతి. ఒక లైనులో 512 ఛానళ్లు, ఒక్కో ఛానల్లో 0 నుంచి 255 వరకు ఒక అంకె. బొమ్మలన్నీ లేజర్‌లోనే ఉంటాయి, మనం పంపేది "ఏడో బొమ్మ, ఎర్ర రంగు, నెమ్మదిగా తిప్పు" అనే మాట మాత్రమే. రెండోది ఇల్డా, లేజర్ వెనక ఉండే 25 పిన్నుల సాకెట్ దారి. ఇందులో లాప్‌టాప్ ప్రతి బిందువునూ లెక్కకట్టి పంపుతుంది. డ్యాక్ అనే చిన్న పెట్టె ఆ అంకెల్ని అద్దాలు కదిలే వోల్టేజీగా మారుస్తుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. "వైఫై స్పీడు చాలదేమో" అంటారు. లెక్క వేద్దాం. ఈథర్ డ్రీమ్ లాంటి డ్యాక్‌కు ఒక్కో బిందువు 18 బైట్లు. సెకనుకు 30,000 బిందువులంటే 5,40,000 బైట్లు, సుమారు 4.3 మెగాబిట్లు. ఏ పాత రౌటరైనా మోస్తుంది. ఇబ్బంది స్పీడుతో కాదు, ఆలస్యంతో. కుళాయి నీళ్లు ఆగి ఆగి వచ్చినా ఇంట్లో ధార తెగకుండా ఉండాలంటే మేడ మీద ట్యాంకు ఉండాలి. డ్యాక్‌లోని బఫర్ ఆ ట్యాంకే. అందులో 1,800 బిందువులు పడతాయనుకుంటే, 60 మిల్లీసెకన్లలో ఖాళీ అయిపోతుంది. వైఫై అంతకన్నా ఎక్కువసేపు తడబడితే గీయడానికి ఏమీ మిగలదు. మరీ పెద్ద బఫర్ పెడితే బొమ్మ డప్పు దెబ్బకు వెనకపడుతుంది.

నాకు జరిగిందే చెబుతాను. ఒక ఊరి పందిట్లో సాయంత్రం నాలుగింటికి టెస్ట్ చేస్తే అంతా చక్కగా ఉంది. రాత్రి తొమ్మిదికి జనం నిండారు.

"అన్నా, సిగ్నల్ ఫుల్‌గానే చూపిస్తోంది, బొమ్మ ఆగిపోతోందేంటి?" అన్నాడు మా తమ్ముడు.

చూసేసరికి తెల్లటి తెర మీద ఒకే చుక్క నిలిచిపోయి ఉంది. పరుగెత్తేటప్పుడు తెరంతా పంచుకునే వెలుగు మొత్తం ఆ ఒక్క చోటే పడుతోంది. గుడ్డ కమిలిన వాసన ఇంకా గుర్తుంది నాకు. అది తెర కాబట్టి సరిపోయింది, ఏ పిల్లవాడి కన్నో అయితే?

[తెర మీద: చేతిలో మెమరీ కార్డు.]

అందుకే బొమ్మను గాలిలో పంపడం మానేశాను. షో ఫైళ్లు ముందే లేజర్‌లోని కార్డులో పెడతాను. గాలిలో పంపేది "ఇప్పుడు మొదలుపెట్టు" అనే పిలుపు మాత్రమే. దానికి డీఎంఎక్స్ చాలు. వైఫై మీద డీఎంఎక్స్‌ను మోసే పద్ధతులు ముఖ్యంగా రెండు. ఒకటి ఆర్ట్‌నెట్, పోర్టు 6454. రెండోది ఎస్ఏసీఎన్, పోర్టు 5568. ఏది వాడినా, సాఫ్ట్‌వేర్‌లో బ్రాడ్‌కాస్ట్ గానీ మల్టీకాస్ట్ గానీ ఉంటే తీసేసి, లేజర్ వైపున్న నోడ్, అంటే వైఫైలో వచ్చిన ఆజ్ఞను డీఎంఎక్స్‌గా మార్చి లేజర్‌కిచ్చే పెట్టె, దాని ఐపీ అడ్రసుకు నేరుగా యూనికాస్ట్ పెట్టండి. బ్రాడ్‌కాస్ట్ అంటే దండోరా. విన్నారో లేదో వేసినవాడికి తెలియదు, పైగా వైఫై దాన్ని బాగా తక్కువ వేగంతో పంపుతుంది. యూనికాస్ట్ రిజిస్టర్డ్ పోస్టు లాంటిది, అందినట్టు జవాబు రాకపోతే వైఫై మళ్లీ పంపుతుంది.

రౌటర్ సంగతి. 2.4 గిగాహెర్ట్‌జ్‌లో ఒకదానిమీద ఒకటి పడని ఛానళ్లు 1, 6, 11, మూడే. జాతరలో వేల ఫోన్లు అక్కడే కొట్టుకుంటుంటాయి. పైగా మనిషి ఒంట్లోని నీరు ఆ సిగ్నల్‌ను పీల్చేస్తుంది. ఖాళీ మైదానంలో పనిచేసింది జనం రాగానే పడకేయడానికి కారణం ఇదే. ఆ రద్దీ తప్పించుకోవడానికి 5 గిగాహెర్ట్‌జ్ బ్యాండుకు మారండి. అదీ మనుషుల్లోంచి దూరి పోదు, కాబట్టి రౌటర్‌ను వెదురు గడకు కట్టి, తలల మీదుగా లేజర్ నోడ్‌కు నేరుగా కనిపించేలా ఎత్తులో పెట్టండి. ఛానల్ 36 నుంచి 48 లోపు పెట్టుకోండి. మధ్యలో 52 నుంచి ఉండే ఛానళ్లలో రాడార్ జాడ దొరికితే రౌటర్ తనంతట తానే ఛానల్ వదిలేయాలి, షో మధ్యలో ఆ టెన్షన్ మనకొద్దు. లాప్‌టాప్ నుంచి రౌటర్‌కు మాత్రం ల్యాన్ వైరే వేయండి.

పాస్‌వర్డ్ మర్చిపోకండి. ఆర్ట్‌నెట్‌లో పంపేది ఎవరని అడిగే ఏర్పాటే లేదు. మీ నెట్‌వర్క్‌లోకి వచ్చిన ఏ ఫోనైనా మీ లేజర్‌కు ఆజ్ఞ ఇవ్వగలదు.

[తెర మీద: ఎర్ర బటన్, దాని నుంచి లేజర్ వెనక్కి వెళ్లే వైరు.]

ఇక నేను ఈ వీడియో చేసిందే దీని కోసం. 500 మిల్లీవాట్లు దాటిన లేజర్ క్లాస్ 4, అంటే అన్నిటికన్నా ప్రమాదకరమైన తరగతి. వెలుగు పడగానే రెప్ప వేయడానికి మనకు సుమారు పావు సెకను పడుతుంది. ఆ రెప్ప మనల్ని కాపాడేది 1 మిల్లీవాట్ వరకే. ఈ లేజర్ 3 వాట్లు, అంటే దానికి మూడు వేల రెట్లు. కిరణం జనం నిలబడే నేలకు 3 మీటర్ల పైనే ఉండాలి. అలాగని ఆకాశంలోకీ వదలొద్దు, మన పక్కనే రంగైలుండ ఎయిర్‌స్ట్రిప్ ఉంది.

నెట్‌వర్క్ పోయినప్పుడే లేజర్‌ను ఆపాల్సిన అవసరం వస్తుంది. అప్పుడు ఆ నెట్‌వర్క్ మీదే "ఆగు" అని పంపితే ఎలా చేరుతుంది? అందుకే లేజర్ వెనకున్న ఇంటర్‌లాక్ సాకెట్, అంటే దారి తెగితే లేజర్‌ను ఆపేసే సాకెట్, దాని నుంచి ఈ ఎర్ర బటన్‌కు వైరు. ఇది వీధి దాటక్కర్లేదు. లేజర్ కిందే ఒక మనిషిని నిలబెట్టండి. షో అయ్యేదాకా బటన్ అతని చేతిలో ఉంటుంది, అతనికి ఇంకో పని చెప్పకండి.

ఇంకొకటి. డీఎంఎక్స్ అందనప్పుడు కొన్ని లేజర్లు ఆఖరి సీన్‌ను పట్టుకుని ఉంటాయి, కొన్ని సొంతంగా ఆటోలోకి పోతాయి. మెనూలో బ్లాకౌట్, అంటే వెలుగు ఆర్పేయడం, ఉంటే అదే పెట్టండి. నోడ్‌లోనూ చూసుకోండి, సిగ్నల్ పోయినా అది పాత అంకెల్నే పంపుతూ ఉండొచ్చు. పెట్టాం కదా అని ఊరుకోకుండా పరీక్షించండి.

[తెర మీద: తమ్ముడు లేజర్ పక్కన, బటన్ మీద చెయ్యి.]

ఇప్పుడు రౌటర్ పవర్ పీకేస్తున్నాను. ఒకటి, రెండు... చూశారా, గోడ చీకటైంది. మళ్లీ పెడుతున్నాను. వలయం వచ్చింది. ఇప్పుడు నెట్‌వర్క్ బాగానే ఉంది. తమ్ముడూ, నొక్కు.

[గోడ చీకటి.]