ఎమ్మార్వో ఫోన్ చేస్తే ఎత్తండి: అమెరికా ట్రక్కు డ్రైవర్లు, మందులు, డ్రగ్ టెస్టులు

[తెర మీద: డైనింగ్ టేబుల్ మీద విప్పిన సూట్‌కేసు. పచ్చడి సీసాల మధ్య జిప్‌లాక్ కవర్, దాని నిండా మందులు.]

నమస్తే అండి. ఇండియా నుంచి వచ్చే ప్రతి సూట్‌కేసులోనూ ఆవకాయ పక్కన ఈ కవర్ ఉంటుంది. జ్వరానికివి, గ్యాస్‌కివి, దగ్గుకిది. అట్ట మీద మెడికల్ షాపు అబ్బాయి పెన్నుతో రాసిన 1-0-1. అమ్మ సర్దింది కాబట్టి మనం పెద్దగా చూసుకోం. కానీ 80,000 పౌండ్ల బండి నడిపేవాడు ఈ కవర్‌ని ఒక్కొక్క అట్టా తీసి చూసుకోవాలి.

నేను డాక్టర్ని కాదు, ట్రక్కు నడుపుతాను. సీడీఎల్, అంటే ఇలాంటి పెద్ద బండ్ల లైసెన్సు, తీసుకుందామనుకుంటున్న మనవాళ్లు ఫోన్ చేసి నాతో ఎక్కువగా అనే మాట ఒకటుంది: "డాక్టర్ చీటీ ఉంది కదా అన్నా, ఏం కాదులే." చీటీ ఉండటం వేరు, ఆ మందు వేసుకుని స్టీరింగ్ పట్టుకోవచ్చు అనడం వేరు. పైగా ఈ రెండూ చూసేది ఒక్కరు కాదు. ఇవాళ్టి వీడియో అంతా ఆ తేడా గురించే.

[తెర మీద: క్లినిక్ గది. గోడకు కంటి పరీక్ష చార్టు.]

ముందు డాట్ ఫిజికల్, అంటే అమెరికా రవాణా శాఖ (డాట్) రూలు ప్రకారం డ్రైవర్లకు చేసే ఆరోగ్య పరీక్ష. మన ఫ్యామిలీ డాక్టర్ దగ్గర చేయించుకుంటే చెల్లదు. ఫెడరల్ రిజిస్ట్రీలో పేరున్న ఎగ్జామినర్ మాత్రమే చేయాలి, 2014 మే నుంచి ఇదే రూలు. చూపు ఒక్కో కంటికి 20/40 ఉండాలి, అద్దాలు పెట్టుకుని అయినా సరే. చెవుల పరీక్ష నాకు భలే నచ్చుతుంది. ఎగ్జామినర్ ఐదడుగుల దూరంలో నిలబడి గుసగుసగా ఏదో అంటాడు. మనం దాన్ని తిరిగి చెప్పాలి, అంతే.

బీపీ దగ్గరే చాలామంది ఇరుక్కుంటారు. 140/90 లోపు ఉంటే మామూలుగా రెండేళ్ల మెడికల్ కార్డు, అంటే బండి నడపడానికి ఆరోగ్యం సరిపోతుందనే సర్టిఫికెట్. దాటితే, 160/100కి చేరనంత వరకు, ఏడాది కార్డు. 180/110 తాకిందంటే తగ్గించుకుని వచ్చేదాకా బండి ఎక్కడానికి లేదు. నా మొదటి ఫిజికల్‌కి నేను పొద్దున్నే రెండు కాఫీలు తాగి, దారంతా టెన్షన్ పడుతూ వెళ్లాను. 152 వచ్చింది. ఏడాది కార్డే చేతికొచ్చింది. ఆ కాఫీలు ఏడాదంతా గుర్తున్నాయి.

ఇక్కడ కూడా ఒక కప్పు ఇచ్చి మూత్రం అడుగుతారు. భయపడకండి, ఇది డ్రగ్ టెస్ట్ కాదు. ప్రోటీన్, రక్తం, చక్కెర ఉన్నాయా, సాంద్రత ఎంత అని చూస్తారు. డ్రగ్ టెస్ట్‌కి వేరే కప్పు, వేరే ల్యాబు. ఒకే రోజు ఒకే క్లినిక్‌లో రెండూ చేయించుకున్నవాళ్లకు కూడా ఈ తేడా తెలియదు.

షుగర్ మన ఇళ్లల్లో మామూలే కాబట్టి ఒక మాట. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఒకప్పుడు రాష్ట్రం దాటి ట్రక్కు నడపాలంటే ప్రభుత్వం దగ్గర ప్రత్యేకంగా మినహాయింపు తెచ్చుకోవాల్సి వచ్చేది. 2018 నవంబరులో అది పోయింది. ఇప్పుడు మనకు వైద్యం చేసే డాక్టర్ 5870 అనే ఫారం నింపి ఇవ్వాలి, మూడు నెలల మీటరు రీడింగులు చూపించాలి. అన్నీ కుదిరితే కార్డు ఇస్తారు, ఎక్కువలో ఎక్కువ ఏడాదికి.

[తెర మీద: ఫారంలో మందుల వివరాలు రాసే చోటు దగ్గరగా.]

అసలు సంగతి ఇక్కడుంది. ఏ మందులు వాడుతున్నారు అని ఫారంలో అడుగుతారు. చీటీ మీద కొన్నవే కాదు, చీటీ లేకుండా కొన్నవి, మూలికలు, సప్లిమెంట్లు కూడా రాయాలి. కింద మన సంతకం ఉంటుంది. తప్పు రాసినా, దాచినా కార్డు చెల్లకుండా పోవచ్చని ఆ సంతకం పక్కనే ఉంటుంది. ఇండియాలో లైసెన్సుకిచ్చే మెడికల్ సర్టిఫికెట్, ఫారం 1ఏ మీద సంతకం పడితే పని అయిపోవడం చూసినవాళ్లం కదా, ఇదీ అలాంటిదే అనుకుంటాం. కాదు.

అల్‌ప్రాజోలామ్ సంగతి చూడండి. నిద్ర పట్టకపోయినా, ఆందోళనగా ఉన్నా ఇండియాలో రాసే మాత్ర. డాట్ డ్రగ్ టెస్ట్ చూసే ఐదు గుంపుల్లో ఇది లేదు. "టెస్టులో రాదు కదా" అంటారు. రాదు, నిజమే. కానీ అలవాటు పడే మందుల విషయంలో రూలు వేరు. మన ఆరోగ్యం సంగతి తెలిసిన డాక్టరే ఆ మందు రాయాలి, అది డ్రైవింగ్‌ని దెబ్బతీయదని ఆయనే చెప్పాలి. చెప్పినా సరే, ఆఖరి మాట ఎగ్జామినర్‌ది. ఆయన 5895 ఫారం పంపి మన డాక్టర్ని రాతపూర్వకంగా అడగవచ్చు, అప్పటికీ వద్దనవచ్చు.

నిద్రమాత్ర జోల్పిడెమ్ మీద 2013లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది. రాత్రి వేసుకున్న మందు పొద్దున డ్రైవింగ్ వేళకి ఇంకా ఒంట్లోనే ఉంటోందని, డోసు తగ్గించమంది. పొద్దున నాలుగింటికి బండి తీసేవాడి సంగతి చెప్పాలా?

[తెర మీద: టెస్ట్ సెంటర్ బాత్రూమ్. టాయిలెట్‌లో నీలం రంగు నీళ్లు.]

ఇప్పుడు రెండో కప్పు. జేబులు ఖాళీ చేయమంటారు, జాకెట్, టోపీ బయట పెట్టమంటారు, చేతులు కడుక్కోమంటారు. టాయిలెట్‌లో నీళ్లు నీలంగా ఉంటాయి, ఎవరూ అవి ముంచి ఇవ్వకుండా. కనీసం 45 మిల్లీలీటర్లు కావాలి. కప్పుకి చిన్న ఉష్ణోగ్రత పట్టీ అంటించి ఉంటుంది. నాలుగు నిమిషాల్లోపు చూసినప్పుడు అది 90 నుంచి 100 ఫారెన్‌హీట్ మధ్య ఉండాలి. తర్వాత మన కళ్ల ముందే రెండు సీసాల్లో పోసి సీలు వేస్తారు, సీలు మీద మన పొడి అక్షరాలు వేయిస్తారు. సీసాలు సీలయ్యేదాకా వాటి మీద నుంచి కళ్లు తీయకండి. మూత్రం సరిపడా రాకపోతే మూడు గంటలు టైమిస్తారు, 40 ఔన్సుల దాకా నీళ్లు తాగవచ్చు. విసుగొచ్చి మధ్యలో వెళ్లిపోయారో, టెస్టుకి నిరాకరించినట్టే. అదీ పాజిటివ్‌తో సమానమే.

వెతికేవి ఐదు గుంపులు: గంజాయి, కొకైన్, యాంఫిటమిన్లు, ఓపియాయిడ్లు (నల్లమందు తరహావి), పీసీపీ అనే మత్తుమందు. 2018 జనవరి నుంచి ఓపియాయిడ్లలో హైడ్రోకోడోన్, ఆక్సికోడోన్ కూడా చేరాయి. అంటే పన్ను పీకాక డెంటిస్టు రాసే నొప్పి మాత్రలు.

నాతో పనిచేసిన ఒకతనికి నడుం పట్టేసింది. వాళ్లావిడకు సిజేరియన్ అయినప్పుడు మిగిలిన మాత్ర ఇంట్లో ఉంటే వేసుకున్నాడు. మర్నాడే రాండమ్‌లో, అంటే లాటరీలా పేర్లు తీసి చేసే డ్రగ్ టెస్టులో, పేరొచ్చింది. మాత్ర అసలైనదే, డాక్టర్ రాసిందే, సీసా మీద పేరు మాత్రం ఆవిడది. పాజిటివ్. 2020 జనవరి నుంచి ఇలాంటివన్నీ క్లియరింగ్‌హౌస్ అనే ఫెడరల్ రికార్డులోకి వెళ్తాయి, తర్వాత ఏ కంపెనీకి వెళ్లినా చూస్తారు. 2024 నవంబరు 18 నుంచి రాష్ట్రాలు సీడీఎల్ కూడా వెనక్కి తీసేసుకుంటున్నాయి. తిరిగి రావాలంటే నిపుణుడి దగ్గర మదింపు, చికిత్స, ఎదురుగా ఒకరు నిలబడి చూస్తుండగా మళ్లీ టెస్టు, ఆ తర్వాత ఏడాదిలో కనీసం ఆరు టెస్టులు. ఇదంతా ఒక్క మాత్రకి.

[తెర మీద: కోడికూర గిన్నె, పక్కన గసగసాల డబ్బా.]

కామెంట్లలో రాబోయే ప్రశ్న నాకు తెలుసు: కూరలో గసగసాలు తిన్నా టెస్టులో దొరుకుతామా అని. గసగసాల్లో మార్ఫిన్, కొడీన్ ఆనవాళ్లు ఉండటం నిజమే. అందుకే 1998లో పాజిటివ్ అనడానికి వాటి హద్దుని మిల్లీలీటరుకి 300 నానోగ్రాముల నుంచి 2,000కి పెంచారు. కానీ 15,000 వచ్చాక "కూరలో గసగసాలు వేశారండి" అంటే ఒప్పుకోరు. నేనైతే డ్యూటీ రోజుల్లో గసగసాల కూర జోలికి పోను, జీడిపప్పు ముద్దతో సరిపెట్టుకుంటాను.

గంజాయి గమ్మీలు కొలరాడోలో, కాలిఫోర్నియాలో షాపులోనే అమ్ముతారు. డాట్‌కి మాత్రం రాష్ట్రం చట్టంతో పనిలేదు. డాక్టర్ ఇచ్చిన మారువానా కార్డు కూడా అక్కరకు రాదు. గంజాయి జాతి మొక్క నుంచి తీసే సీబీడీ నూనె మాత్రమే వాడానన్నా అంతే.

[తెర మీద: మోగుతున్న ఫోన్, తెలియని నంబరు.]

ల్యాబులో ఏదైనా తేలితే నేరుగా కంపెనీకి చెప్పరు. ముందు ఎమ్మార్వో మనకు ఫోన్ చేస్తారు. మండలాఫీసు ఎమ్మార్వో కాదండీ, మెడికల్ రివ్యూ ఆఫీసర్, డాక్టర్. "ఏమైనా మందు వాడుతున్నారా?" అని అడుగుతారు. మీ పేరు మీద చీటీ ఉంటే చూపించవచ్చు, ఆయన ఫార్మసీతో సరిచూసుకుని నెగటివ్ అని తేల్చవచ్చు. సూట్‌కేసులోని కవర్ గుర్తుందా? అందులోని దగ్గు మందులో కొడీన్ ఉంటే, ఇండియాలో అది షెడ్యూల్ హెచ్1 మందు, చీటీ ఉంటేనే అమ్మాలి. చీటీ లేకుండా తెచ్చిన సీసాకి ఎమ్మార్వో ముందు పెట్టడానికి మీ దగ్గర ఏముంటుంది?

నెగటివ్ అయినంత మాత్రాన అయిపోయిందనుకోకండి. ఆ మందుతో బండి నడపడం ప్రమాదం అని ఆయనకు అనిపిస్తే, మీ డాక్టర్ తనతో మాట్లాడటానికి ఐదు పనిదినాలు ఇస్తారు. మందు మార్చడమో, ఇబ్బంది లేదని ఒప్పించడమో ఆ ఐదు రోజుల్లోనే జరగాలి. లేదంటే సంగతి కంపెనీకి చేరుతుంది.

స్పామ్ కాల్స్‌తో విసిగిపోయి మనం తెలియని నంబరు ఎత్తడం మానేశాం. ఎమ్మార్వోకి మనం దొరక్కపోతే ఆయన కంపెనీ ద్వారా కబురు పెడతారు. ఆ కబురు అందాక 72 గంటల్లో మనం ఫోన్ చేయకపోతే, మన మాట వినకుండానే పాజిటివ్ అని రాసేయవచ్చు. అందుకని టెస్టు ఇచ్చి వచ్చాక ఒక పది రోజులు ఏ నంబరు మోగినా ఎత్తండి. కారు వారంటీ వాడైతే పెట్టేయండి.