స్టిల్ట్ కింద ఎవరూ కూర్చోరు: ‘గల్లీ చివర’ పాడ్‌కాస్ట్

(మాట్లాడుతున్నది లత, వేణు. రికార్డింగ్ చంటి. వేణు ‘స్టిల్ట్’ అన్నప్పుడల్లా చంటి గ్లాసు మోగిస్తాడు. స్టిల్ట్ అంటే అపార్ట్‌మెంట్ కింద కార్ల కోసం స్తంభాల మీద ఖాళీగా వదిలే అంతస్తు.)

లత: ...లేదు, ఆ కొబ్బరిబోండాల సంగతి ఇంక ఎత్తను. మాటిచ్చాను కదా. చంటీ, మొదలైందా?

చంటి: ఎప్పుడో మొదలైంది.

లత: పోనీ, అదీ ఉండనీ. నమస్కారం అండీ, ‘గల్లీ చివర’కు స్వాగతం. నేను లత, చిక్కడపల్లి.

వేణు: నేను వేణు, లాల్‌దర్వాజా. అసలు సిసలు పాతబస్తీ.

లత: అయిపోయింది, మొదలుపెట్టాడు. ఈసారి విషయం నేనే ఎంచుకున్నాను. క్రితంసారి వేణుకి వదిలేస్తే ఏమైందో వినేవాళ్లందరికీ తెలుసు.

వేణు: ఆ మునగచెట్టుకి నాకూ ఏ సంబంధం లేదు అక్కా.

లత: చంటి మొహం చూడు. సరే, ఇవాళ్టి విషయం హెరిటేజ్ నిబంధనలు. హైదరాబాద్‌లో పాత పేటల్ని కాపాడ్డానికి కాగితం మీద ఏముండేది, ఇప్పుడేం మిగిలింది? నోట్స్ రాసుకొచ్చాను, గంట పడుతుంది.

వేణు: పది నిమిషాలు.

లత: చూద్దాం. 1981 నాటి హుడా, అదే హైదరాబాద్ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ, జోనింగ్ నిబంధనలు ఉన్నాయి కదా, వాటిలోకి 1995లో హెరిటేజ్ కోసం 13వ నిబంధన వచ్చింది. నగరంలో వందకు పైగా కట్టడాల్ని జాబితా చేసి, వీటిని కూల్చాలన్నా మార్చాలన్నా ఒక కమిటీ చూడాలి అన్నారు. ఇరవై ఏళ్లు ఏదో ఒకలా నడిచింది. 2015 డిసెంబర్‌లో ఆ నిబంధన తీసేశారు. 2017లో తెలంగాణ హెరిటేజ్ చట్టం వచ్చింది. 2019లో కొత్త అసెంబ్లీ భవనం కోసం ఎర్రమంజిల్ ప్యాలెస్ కూల్చాలనుకుంటే జనం హైకోర్టుకు వెళ్లారు, కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఇప్పుడు నా రెండో పాయింటు...

వేణు: ఆగక్కా. నువ్వు చదివినవన్నీ భవనాలే. నవాబుగారి మేడ, బ్రిటిష్ రెసిడెన్సీ, మొజాంజాహీ మార్కెట్. మార్కెట్‌ని బాగా చేశారు, కాదనను. బోర్డులు, రేకులు పీకేసి రాయి కడిగితే 1935లో ఎలా కట్టారో తెలిసింది. కానీ పేట ఎక్కడుంది ఇందులో? గల్లీ ఎక్కడుంది?

లత: గల్లీని జాబితాలో ఎలా పెడతారు?

వేణు: అదే కదా నా బాధ. పత్తర్‌గట్టి బజారు చూడు. 1908లో మూసీ వరద వచ్చి ఊరు కొట్టుకుపోయాక, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. వాళ్లు కట్టించిందే ఆ రాతి వరస. అన్ని దుకాణాలకూ ఒకే ముఖం, ఒకే కమాను.

లత: అంటే అదీ డెవలప్‌మెంటే. అక్కడున్న పాతవి తీసేసే కట్టారు. ఆ రోజుల్లో నీలాంటివాడు ఒకడు కూర్చుని ఏడ్చే ఉంటాడు.

వేణు: ఏడ్చి ఉంటాడు. కానీ కింద దుకాణాలు పెట్టారక్కా. కింద మనుషులున్నారు. స్టిల్ట్ పెట్టలేదు.

(గ్లాసు మోగింది)

లత: ఎనిమిది నిమిషాలు! చంటీ, రాసుకో. రికార్డు.

వేణు: నవ్వండి. కానీ కొత్తగా వింటున్నవాళ్ల కోసం ఒక్కసారి చెప్తా.

లత: కొత్తవాళ్లు ఎవరూ లేరు, అందరికీ కంఠతా వచ్చు.

వేణు: చెప్పనీ. 2006లో మన ఊళ్లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి ఎత్తేశారు. ఎంత స్థలానికి ఎంత కట్టాలి అనే లెక్క పోయింది. ఇప్పుడు ఎత్తు తేల్చేది రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే సెట్‌బ్యాకులు. దానికి తోడు పార్కింగ్ నీ స్థలంలోనే చూపించాలి. అన్నీ కలిపితే ఏమొస్తుంది? నాలుగు పక్కలా కాస్త వదిలి, కింద స్తంభాలు నిలబెట్టి, కార్లు పెట్టి, పైకి పోవడం. నల్లకుంటలో అదే, బర్కత్‌పురాలో అదే, పద్మారావునగర్‌లో అదే. ఎవరి డిజైనూ కాదు ఇది, నిబంధన గీసిన బొమ్మ. పాత ఇంటికి వీధిలోకి అరుగుండేది, కిటికీ ఉండేది. మా దగ్గరైతే చబుత్రా. నువ్వు నడిచిపోతుంటే ఒక ముసలాయన చూసేవాడు, ఎవరి పిల్లవే అని అడిగేవాడు. ఇప్పుడు గల్లీ మొత్తం నడువు, కళ్ల ఎత్తులో ఏముంటాయి? బంపర్లు.

లత: వాచ్‌మన్ ఉంటాడు.

వేణు: వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది. ఆ గల్లీలో నేల మీద బతికేది వాళ్లొక్కళ్లే. నిజంగా ఆలోచించు. భవనం ముందువైపు అందంగా ఉందా, సున్నమా సిమెంటా, అదంతా తర్వాత. కింద ఎవరున్నారన్నదే పేట.

లత: నీకో సంగతి చెప్పాలి వేణూ. రికార్డింగ్ ముందు చెబుదామనుకున్నా, కుదరలేదు.

వేణు: ఏంటి?

లత: మా ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశాం, కూల్చి ఫ్లాట్లు కట్టడానికి బిల్డర్‌కి. పోయిన వారం అగ్రిమెంటు అయింది.

వేణు: చిక్కడపల్లి ఇల్లా?

లత: మాకు ఇంకో ఇల్లు లేదు కదా.

వేణు: ...ఫ్లాట్లలో మీకూ బిల్డర్‌కీ రేషియో ఎంత?

లత: చూశావా, నువ్వు కూడా మొదట అడిగింది అదే! సగం సగం. పైన కొంచెం గుడ్‌విల్ డబ్బు ఇచ్చారు.

వేణు: స్టిల్ట్ ప్లస్ ఐదా?

(గ్లాసు మోగలేదు)

లత: ఐదు. అలా చూడకు. నీకు నచ్చదని తెలుసు.

వేణు: నచ్చడం కాదక్కా. నాలుగేళ్లుగా ఇక్కడ కూర్చుని ఇద్దరం మాట్లాడుతున్నది ఏంటి మరి?

లత: మాట్లాడేది వేరు, వానాకాలం ఆ ఇంట్లో పడుకోవడం వేరు. మద్రాస్ టెర్రస్ కప్పు మాది. టేకు దూలాలు, వాటి మీద ఇటుక, సున్నం. సున్నం పని చేసే మేస్త్రీ దొరకడు. దొరికినాయన వచ్చి సిమెంటు పూసిపోయాడు. సిమెంటు కింద తడి ఆరదు, దూలం లోపలే నాని పుచ్చిపోయింది. అమ్మ మోకాళ్లకి ఆ మెట్లు చూస్తే భయం. అన్నయ్య అమెరికాలో, చెల్లెలు విజయవాడలో. ముగ్గురికీ వాటా కావాలి. తప్పేముంది? గోడ కోసి ముగ్గురికీ పంచనా?

వేణు: రిపేర్ చేయించి ఉండాల్సింది, ముందే.

లత: ఎవరి డబ్బుతో? బ్యాంకుకి వెళ్లాను. ఆ ఇల్లు కూల్చి కడతానంటే లోన్ ఇస్తారు, బాగు చేయిస్తానంటే కాగితాలు అటు తిప్పి ఇటు తిప్పి పక్కన పెట్టారు. బిల్డర్ వచ్చి ఏం చేశాడో తెలుసా? గజానికి ఇంత అని స్థలానికి లెక్క కట్టాడు. ఇంటికి సున్నా. షాబాద్ బండలకు సున్నా, తలుపులకు సున్నా. ఆ తర్వాత వారం పాత సామాను కొనేవాళ్లు వచ్చారు. అప్పుడు మాత్రం తలుపులకు ఎంత రేటో! టేకు కదా. గిర్డర్లకి వేరే, కిటికీ చువ్వలకి వేరే.

వేణు: అవి ఎక్కడికి పోతాయో చెప్పనా? జూబ్లీహిల్స్‌లో కాఫీ షాపుకి. గోడకి ఆనించి పెడతారు. దాని పక్కన కూర్చుని మనమే ఫొటో దిగుతాం.

లత: దిగుతావేమో. నేను దిగను.

వేణు: టీడీఆర్ ఉంది కదా? హెరిటేజ్ కట్టడాన్ని నిలబెడితే, కట్టుకోకుండా వదిలేసిన హక్కు ఇంకొకరికి అమ్ముకోవచ్చు. నిబంధనల్లోనే ఉంది.

లత: జాబితాలో ఉన్న కట్టడానికి! మాది ఎవరి జాబితాలో ఉంది? తాతగారు గుమాస్తా ఉద్యోగం చేసి కట్టుకున్న ఇల్లు. నవాబు కట్టి ఉంటే హెరిటేజ్, గుమాస్తా కడితే పాతిల్లు. నువ్వే ఇందాక అన్నావు, అన్నీ భవనాలే, పేట ఎక్కడ అని. ఇదిగో, ఇక్కడుంది. దాన్ని కాపాడే కాగితం ఒక్కటి చూపించు.

వేణు: కాగితం లేదు. కానీ అడగొచ్చుగా. కింద ముందువైపు రెండు గదులు, ఒక చిన్న దుకాణం. పార్కింగ్ వెనక్కి.

లత: అడిగానయ్యా! ఎంతైనా నీతో ఇన్నాళ్లు కూర్చున్నాను. ఆర్కిటెక్టు గీసి చూపించాడు. అలా చేస్తే కార్లు తిరగడానికి చోటు లేదు, పర్మిషన్‌లో పార్కింగ్ తగ్గుతుంది. అదీ ఎలాగోలా సర్దుదామంటే, ఫ్లాట్ కొనేవాళ్లకు కింద దుకాణం ఉంటే ఇష్టం ఉండదట, రేటు పడిపోతుందట.

వేణు: మరి పోర్షన్లవాళ్లు?

లత: ఏం పోర్షన్లవాళ్లు?

వేణు: మీ వెనక వాటాలో అద్దెకుండేవాళ్లు. త్యాగరాయ గానసభలో కచేరీ ఉంటే వాళ్లమ్మాయి మనకి సీట్లు ఆపేది. మేడ మీద గదిలో పోటీ పరీక్షలకు చదివే కుర్రాళ్లు, పొద్దస్తమానం సిటీ సెంట్రల్ లైబ్రరీలోనే ఉండేవాళ్లు. వాళ్లెక్కడికి పోయారు?

లత: వాళ్లు బోడుప్పల్ వెళ్లారు. కుర్రాళ్లు హాస్టల్లో చేరారు. అడ్వాన్సులు ఇచ్చేశాం, రెండు నెలల టైమిచ్చాం.

వేణు: అదేనక్కా నేననేది. ఆ ఒక్క ఇంట్లో నాలుగు రకాల అద్దెలుండేవి. తక్కువ జీతంవాడు కూడా ఊరి మధ్యలో ఉండేవాడు. ఇప్పుడు పది ఫ్లాట్లు వస్తాయి, అన్నింటికీ ఒకే రకం మనుషులు. హెరిటేజ్ మీటింగులకి పోతే అందరూ ఓనర్ల గురించే మాట్లాడతారు. బస్తీని బస్తీ చేసింది అద్దెకున్నోళ్లు. మాకెప్పుడూ ఎవరూ ఏమీ అడగరు.

లత: సొంతం కాని ఇంటి మీద ప్రేమ చాలా సులువు వేణూ.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు)

వేణు: మాది అద్దిల్లే అక్కా. ముప్పై ఏళ్లుగా.

లత: తెలుసు. అందుకే అన్నాను. అనకుండా ఉండాల్సింది కాదు, అనాల్సిందే. నువ్వు నా బదులు సంతకం పెట్టే రోజు వస్తే తెలుస్తుంది.

వేణు: ఆ రోజు రాదు కదా, అదే చెప్తున్నా.

చంటి: అక్కా, ఒక మెసేజ్ ఉంది. శాలిబండ నుంచి ఒకాయన పంపారు. వినిపించనా?

లత: నువ్వే చదువు.

చంటి: “పాతబస్తీ మెట్రో గురించి మీరిద్దరూ ఎందుకు నోరు మెదపడం లేదు? వేణు భయపడ్డాడా?” అంతే.

వేణు: భయమేముంది. ఎంజీబీఎస్ బస్టాండ్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లు. దారుల్‌షిఫా, మీర్ ఆలం మండి, హరిబౌలి, శాలిబండ, అలియాబాద్ మీదుగా. 2024 మార్చిలో ఫలక్‌నుమా దగ్గర శంకుస్థాపన చేశారు. మెట్రో వద్దని నేననను. మాకు బస్సు దొరకడమే గగనం, అమీర్‌పేట పోవాలంటే సగం రోజు. మా అమ్మ ఎక్కాలి ఆ మెట్రో.

లత: చూశావా!

వేణు: వినక్కా. ఆ రోడ్డు వెడల్పు చేస్తే ముందు వరస పోతుంది. ముందు వరస అంటే దుకాణం, దాని పైన ఇల్లు. గుళ్లూ మసీదులూ ఆషుర్‌ఖానాలూ తగలకుండా చూస్తామన్నారు, మంచిదే. మిగిలిన సగం స్థలంలో ఏం కడతారు? అక్కడే నా భయం. అప్పుడే రాతి వరస లాంటిది ఒకటి గీసి, ఇలా కట్టుకుంటే పర్మిషన్ తొందరగా ఇస్తాం, కింద దుకాణం ఉంటే పార్కింగ్ మినహాయిస్తాం అనొచ్చు. స్టేషన్ పక్కనే ఉంటే కార్లెందుకు? వందేళ్ల కింద వరదొచ్చాక చేసిన పనే కదా. లేకపోతే చార్మినార్‌కి అర కిలోమీటర్ దూరంలో కూడా వస్తుంది, ఆ స్టిల్ట్.

(గ్లాసు మోగింది)

లత: హమ్మయ్య. చంటికి ప్రాణం లేచొచ్చింది.

వేణు: మీ ఇస్త్రీ ఆయన ఏమయ్యాడు?

లత: ఎవరు?

వేణు: మీ ప్రహరీ పక్కన వేపచెట్టు కింద బండి పెట్టుకునేవాడు కదా. బొగ్గుల పెట్టెతో.

లత: ఉన్నాడు. చెట్టు ఉంచమన్నాను, డ్రాయింగ్‌లో ఉంది. ఆయనకు కింద ఓ మూల ఇవ్వమని రాతపూర్వకంగా అడిగాను. బిల్డర్ ఒప్పుకున్నాడు, కానీ ఫ్లాట్లు అప్పగించాక అసోసియేషన్ ఇష్టం అన్నాడు.

వేణు: అసోసియేషన్‌లో సగం మీరే కదా.

లత: సగం మేం ముగ్గురం. అన్నయ్య వాటా అమ్మేస్తాడు. చెల్లెలు అద్దెకిస్తుంది. మిగిలేది నేనొక్కదాన్నే, నేనూ అమ్మా.

వేణు: ప్రెసిడెంట్‌గా నిలబడు అక్కా. నేనొచ్చి ప్రచారం చేస్తా.

లత: నువ్వొస్తే డిపాజిట్ కూడా దక్కదు. అయ్యో, నా నోట్స్! రెండో పాయింట్ దగ్గరే ఆగిపోయాం. 2017 చట్టం...

చంటి: అక్కా, కింద నుంచి ఫోన్. తెల్లకారు ఎవరిది, అడ్డం తీయమంటున్నారు.

లత: నాదే. తాళాలు ఎక్కడ... వేణూ, నీ బ్యాగ్ కిందున్నాయేమో చూడు.

వేణు: ఇక్కడ లేవు. నువ్వు నల్ల కవర్లో పెట్టావు కదా, ఆ బిస్కెట్లు తెచ్చినప్పుడు.

లత: ఆ కవర్ ఎవరు తీశారు?

చంటి: బిస్కెట్లు అయిపోయాయని నేనే...